నాలుగు సాళ్లు వదిలెయ్యమని చెప్పన్నా

మందుల షాపు గల్లా మీద కూర్చునే అన్నకు,

నువ్వు జనగామ బస్టాండు దగ్గర ఉన్నా, కేసముద్రం మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్నా, రేగొండ చౌరస్తాలో ఉన్నా నాకు ఒక్కడివే. బోర్డుల మీద పేర్లు వేరు. ఒకచోట ట్రేడర్స్, ఒకచోట ఆగ్రో ఏజెన్సీస్, ఇంకోచోట ఇష్టదైవం పేరు. లోపల మాట మాత్రం ఒకటే. అందుకే ఈ ఉత్తరాన్ని ఏ ఒక్క చిరునామాకూ పంపడం లేదు. చదివిన ప్రతి అన్నా ఇది పక్క షాపాయనకు రాసిందనుకుంటాడని నాకు తెలుసు. అయినా రాస్తున్నా.

ఆగస్టు నెలలో నీ షాపు ముందు నిలబడితే రోజంతా ఒకటే తంతు. రైతు వస్తాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో రెండు పత్తాకులు. నువ్వు ఫోన్ చెవికి పెట్టుకునే ఆకును అటూ ఇటూ తిప్పుతావు. "ఏ విత్తనమే? ఎన్ని రోజులైంది పెట్టి?" అని అడుగుతావు. జవాబు సగంలో ఉండగానే చెయ్యి వెనక అర మీదికి పోతుంది. మూడు డబ్బాలు దిగుతాయి. ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి "బలానికి". మూడూ ఒకే పంపులో కలిపి కొట్టమంటావు. అడిగినవాడికి చెప్పడం వరకు సరే. యూరియా బస్తా కోసం వచ్చి పక్కన నిలబడ్డవాణ్ణి కూడా వదలవు. "నీ చేన్ల పచ్చదోమ లేదా? ఉంటది, చూస్కో" అని అడగకుండానే ఒక డబ్బా అంటగడతావు.

ఇంతకూ ఆ కవర్లో ఆకు ఏం చెప్పింది? ఎర్రబారింది, అంతే. పత్తాకు ఎర్రబారడానికి కారణం ఒక్కటి కాదని నీకు తెలియనిది కాదు. పచ్చదోమ రసం పీలిస్తే అంచులు ముందు పసుపుబారి, కిందికి ముడుచుకుని, తర్వాత ఎర్రబడతాయి. మెగ్నీషియం తక్కువైతే ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం ఎర్రబారుతుంది. దానికి లీటరు నీళ్లలో 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొడితే చాలు, పురుగుమందుతో పని లేదు. చేన్లో నీళ్లు నిలిచి వేరుకు గాలి ఆడకపోతే ఆ పల్లం వరకే మొక్కలు రంగు మారతాయి, అక్కడ కావలసింది డబ్బా కాదు, నీళ్లు పోయే కాలువ. కాయ బరువు మీదున్న చేను చలి రాత్రుళ్లకు కూడా ఎర్రబడుతుంది, దాన్ని దాని మానాన వదిలెయ్యాలి. ఇందులో ఏదో తేలాలంటే చేనంతా నడవాలి, ఆకు అడుగున చూడాలి, మిట్ట మీద ఎట్లుంది పల్లంలో ఎట్లుంది గమనించాలి. ఆ నడక రైతు నడవాల్సింది. నీ గల్లా పక్కన రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుందని తెలిశాక అతను నడక మానేశాడు, ఆకు తెంపుకుని బండెక్కుతున్నాడు. నా ఫిర్యాదు ఇదే. మిగతాదంతా దాని వివరం.

నిన్ను అడగడం తప్పని అనను. ఎవరిని అడగాలి మరి? 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రైతు వేదికను ప్రారంభించారు. రాష్ట్రమంతటా 2,601 వేదికలు, సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు, క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి. ఆలోచన మంచిదే. కానీ ఆ అధికారి పంటల నమోదు చేయాలి, రైతుబీమా కాగితాలు చూడాలి, పై ఆఫీసు అడిగిన లెక్కలు పంపాలి. 5,000 ఎకరాల్లో ఆయన ఎవరి ఆకు తిప్పుతాడు? పైగా ఆయన ఉద్దెర ఇవ్వడు. నువ్విస్తావు. పట్టా లేని కౌలు రైతుకు బ్యాంకులో పని కాదు, నీ దగ్గర అవుతుంది. పొద్దున్నే షాపు తెరుస్తావు, పేరు పెట్టి పిలుస్తావు, కూతురి పెళ్లి ఎప్పుడని అడుగుతావు. ఇవన్నీ ఒప్పుకుంటా.

అయితే ఉద్దెర తీసుకున్నవాడికి నోరు ఎక్కడిది? "ఈ మూడిట్ల ఒక్కటి చాలు, ఆ రెండు వద్దన్నా" అని నీకు బాకీ ఉన్నవాడు ఎవడైనా అన్నాడా ఇప్పటిదాకా? అనడు. అంటే వచ్చే వారం విత్తనానికో ఎరువుకో నీ ముందే నిలబడాలి. డాక్టరే మందుల షాపు నడిపితే, ఆ షాపే వడ్డీకి అప్పు కూడా ఇస్తే ఏమవుతుందో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మన మూడు జిల్లాల్లోనూ అదే అయింది.

ఇది ఎక్కడ మొదలైందో చూడు. మన తాతలకు ఆముదం తెలుసు, జొన్న తెలుసు, పెసర తెలుసు. హైబ్రిడ్ పత్తి తెలియదు. 1980ల్లో గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లు, కౌలుకు పట్టినవాళ్లు ఆ సాగును మనకు చూపించారు. కొత్త పంటకు వచ్చే పురుగు కొత్తది, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర జవాబు లేదు. అడగక తప్పలేదు. అప్పుడే నీ షాపు వెలిసింది. 1997లో పత్తి మీద పొగాకు లద్దెపురుగు విరుచుకుపడ్డప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో పదిహేను, ఇరవై సార్లు మందు కొట్టినవాళ్లున్నారు. పురుగు చావలేదు. అదే మందు తాగి రైతులు చచ్చిపోయారు. వరంగల్ పేరు ఆ ఏడాది దేశమంతా తెలిసింది పత్తి రైతుల ఆత్మహత్యలతోనే. ఆ ఇరవై సార్లలో పదోసారికైనా ఎవరో ఒకరు ఆగి, ఇప్పటిదాకా కొట్టింది పనిచేసిందా అని ఎందుకు అడగలేదు? అడగాలంటే పోల్చుకోవడానికి కొట్టని చేను ఒకటి పక్కన ఉండాలి. ఊరంతా కొట్టింది.

ఆ తర్వాత కథను గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త రాశాడు. ఏళ్ల తరబడి వరంగల్ జిల్లా పల్లెల్లో తిరిగి, రైతులు విత్తనం ఎట్లా ఎంచుకుంటున్నారో కనిపెట్టి, 2007లో కరెంట్ ఆంత్రొపాలజీ పత్రికలో పెద్ద వ్యాసం అచ్చువేశాడు. పత్తి రైతు తన నైపుణ్యాన్ని పోగొట్టుకుంటున్నాడన్నది ఆయన మాట. ఒక ఊళ్లో ఒక ఏడాది అందరూ ఒకే బ్రాండు మీద పడతారు, పక్క ఊళ్లో ఇంకో బ్రాండు మీద. మరుసటేడు రెండూ మాయం. కొద్ది జాగాలో వేసి చూసి, బాగుంటే పెంచడమన్నది చాలామంది చెయ్యడం లేదు. తన చేను చూసి కాదు, పక్కవాడి సంచి చూసి కొంటున్నాడు.

పైపైన చదివితే రైతును చిన్నబుచ్చినట్టే ఉంటుంది. కాదు. అదే రైతు వరి మడి దగ్గర నిలబడితే ఏ రకం ఏ మడికి పనికొస్తుందో గట్టు మీద నుంచే చెప్తాడు. పత్తి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎందుకు పని చెయ్యడం లేదు? 2002 మార్చిలో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్లు వెయ్యి దాటాయి. ఒక విత్తనం సంగతి తెలియాలంటే కనీసం ఒక మంచి వానాకాలం, ఒక చెడ్డ వానాకాలం దాన్ని చూడాలి. రెండో ఏడాదికి ఆ సంచి నీ అరలో ఉండదు. "అది పాతదైందే, దాని తమ్ముడొచ్చింది, కాయ గింత లావు" అని చెయ్యి చూపిస్తావు. రైతు మళ్లీ మొదటి తరగతిలో కూర్చుంటాడు. అనుభవం కూడబెట్టుకోనివ్వని సరుకు అమ్మి, అనుభవం లేదు కాబట్టి నన్ను అడుగు అంటావు.

ఇతర దేశాల రైతులు పుట్టుకతోనే జాగ్రత్తపరులని కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మక్క ఎట్లా పాకిందో బ్రైస్ ర్యాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు 1943లో అచ్చువేశారు. అక్కడ కూడా కొత్త విత్తనం కబురు ముందు మోసుకొచ్చింది అమ్మేవాడే. నమ్మకం కుదిరింది ఇరుగుపొరుగు మాటతో. అయినా రైతు మొదటి ఏడాది తన భూమిలో కొంచెమే వేసి చూశాడు. ఆ కొంచెం ఏళ్ల మీద పెరిగి మొత్తం భూమి అయింది. సలహా విన్నాడు, కానీ తన మన్నును కూడా ఒక మాట అడిగాడు.

మన దగ్గర అట్లా అడిగే వీలు సంచిలోనే పెట్టి ఇచ్చారు, గుర్తుందా? బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వచ్చేది. బీటీ లేని మామూలు పత్తి. చేను చుట్టూ వేస్తే పురుగు బీటీకి తొందరగా అలవాటు పడదని. దాంతో ఇంకో లాభం కూడా ఉండేది. బీటీ మొక్క, బీటీ కాని మొక్క పక్కపక్కన నిలబడితే ఏ పురుగు దేని మీదికి వస్తుందో రైతు కళ్లారా చూసేవాడు. "అది ఉత్తదే, పారెయ్యి" అన్న మాట ఎక్కువ ఊళ్లకు నీ షాపు నుంచే పోయింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచెయ్యడం మానేసింది. పారేసిన ప్యాకెట్ ఒక్కటే దానికి కారణమని అనను, ఎక్కువ కాలం చేను మీద ఉంచిన పంట కూడా కారణమే. ఇప్పుడు ఆ పురుగు ఉందో లేదో తెలుసుకోవడానికి లింగాకర్షక బుట్టలు పెట్టమంటున్నారు. ఒక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు. మరి నీ షాపులో మందు ముందు వరుసలో ఉంటుంది, బుట్ట అడిగితే "తెప్పిస్తా, వారం ఆగు" అంటావు.

మానుకోట, అదే మహబూబాబాద్ దిక్కు పోదాం. 2021లో మిరప మీదికి నల్ల తామర పురుగు వచ్చింది. ఆగ్నేయాసియా పురుగది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనబడింది. మహబూబాబాద్, భూపాలపల్లి మిరప తోటల్లోకి దిగేసరికి దాన్ని ఇక్కడ ఎవరూ ఎరగరు. పాత తామర పురుగు ఆకు మీద ఉంటుంది, ఇది గుంపుగా పూవులో దూరుతుంది. పూత రాలిపోతుంది, కాయ పట్టదు. ఎకరానికి లక్ష దాటిన పెట్టుబడి కళ్ల ముందే రాలిపోతుంటే రైతు నీ దగ్గరికి పరుగెత్తాడు.

అన్నా, నా కోపమంతా ఆ ఏడాది మీదే. అప్పుడు రైతుకు అనుభవం లేదు, నీకూ లేదు. ఒక్కసారైనా "నాకు తెల్వదే, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రానికి పో, వాళ్లు పంట చూస్తరు" అని ఉంటే నీ గౌరవం తగ్గేదా? మల్యాల ఎక్కడో లేదు, మహబూబాబాద్ పక్కనే. దానికి బదులు రెండు రోజులకు ఒక మందు మార్చావు. ఇది పనిచెయ్యకపోతే అది, అది పనిచెయ్యకపోతే రెండూ కలిపి. లోపల ఏముందో పైన రాయని "బయో" సీసాలు కూడా ఆ గందరగోళంలో అమ్ముడుపోయాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, పదే పదే ఘాటు మందులు కొట్టకండి, ఆ పురుగును తినే మిత్రపురుగులు కూడా చస్తాయని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. ఆ మాట నీ కౌంటరు దాటి రాలేదు. తెలియని పురుగుకు తెలిసినట్టు మందు రాయడం కంటే పెద్ద అన్యాయం ఇంకేముంది? పంట పోయినంక నీ జవాబు తయారుగానే ఉంది: "లేటుగ కొట్టినవ్", "నీళ్లు తక్కువ కలిపినవ్", "కొట్టినంక వాన పడ్డది". నీ సలహా ఎప్పుడూ ఓడిపోదు, ఓడిపోయేది రైతు చేతులే.

నిన్నొక్కణ్ణే అనడం న్యాయం కాదులే. 2020 వానాకాలంలో సర్కారే నియంత్రిత సాగు అని మక్కలు వద్దంది, పత్తి పెంచమంది. డిసెంబరు ఆఖరుకు ఆ పద్ధతి ఇక ఉండదని, ఏం వేసుకోవాలో రైతు ఇష్టమేనని చెప్పింది. ఏడాది తిరగకముందే అంత పెద్ద సలహాను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. నువ్వు ఇచ్చిన మాటను ఒక్కటైనా వెనక్కి తీసుకున్న రోజు చెప్పు.

ఇదంతా విని "అయితే ఎవరికి వాళ్లు అనుభవంతోనే నేర్చుకోమంటావా, పంట మీద పంట పోగొట్టుకుంటూ?" అని అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. ఒంటరి అనుభవానికి ఖరీదెక్కువ, కలిసి నేర్చుకుంటే తగ్గుతుంది. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో ఏనెబావి అనే ఊరు ఉంది కదా. ఆముదం చేన్ల మీద ఎర్ర గొంగళి పురుగు పడి ఊళ్లకు ఊళ్లు తినేసే రోజుల్లో ఆ ఊరివాళ్లు కూడా సలహా తీసుకున్నారు, స్వచ్ఛంద సంస్థల నుంచి. తొలకరి పడ్డాక భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, ఆ రాత్రుళ్లు మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి వాటిని చంపాలి, ఎండాకాలంలో లోతు దుక్కి దున్నాలి. ఒక్క రైతు తన చేన్లో మంట వేస్తే లాభం లేదు, పక్క చేన్లో లేచిన పురుగు గట్టు దాటి వచ్చి గుడ్లు పెడుతుంది. ఊరంతా కలిసి చెయ్యాలి, చేశారు. ఒక పురుగుతో మొదలై, ఒక్కో మందూ మానుకుంటూ, 2006 నాటికి రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. యాభై కుటుంబాల చిన్న పల్లె. వాళ్లు తీసుకున్న సలహాకూ నీ సలహాకూ నాకు రెండు తేడాలు కనిపిస్తాయి. మంట వేసిన రాత్రి ఎన్ని పురుగులు చచ్చాయో తెల్లారి బూడిద పక్కన లెక్కబెట్టుకోవచ్చు. సలహా ఇచ్చినవాడికి అందులో అమ్ముకునే డబ్బా లేదు.

పొలంబడి కూడా ఇదే పని చేసింది. 1989లో ఇండోనేసియా వరి రైతులతో మొదలైన పద్ధతి అది. తర్వాత మన దగ్గరికి వచ్చింది. వారానికోసారి రైతులు పొలంలోనే కలిసేవాళ్లు. ఒక మడి అలవాటు ప్రకారం మందు కొట్టేది, ఒక మడి పురుగు లెక్క చూసి అవసరమైతేనే కొట్టేది. రెండిట్లో మొక్కలు పీకి, పురుగుల బొమ్మలు చార్టు మీద గీసి, శత్రుపురుగులెన్ని మిత్రపురుగులెన్ని అని వాదులాడుకునేవాళ్లు. ఆ చార్టు మీద సాలెపురుగు బొమ్మ గీసిన రైతు చేన్లో సాలెగూడు కనబడితే చెయ్యి ఆపేవాడు. పథకం సన్నగిల్లిపోయింది, అది వేరే ఏడుపు.

నీకూ బడి ఉంది. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ నీలాంటి ఎరువుల, మందుల డీలర్ల కోసమే 2003లో డేసీ అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. రైతు ఎట్లాగూ నిన్నే అడుగుతున్నాడు కాబట్టి నీకే నేర్పుదామని. మీలో చాలామంది చదివారు, ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి దేవుడి పటం పక్కనే వేలాడుతోంది. కంపెనీ టార్గెట్ దాటితే ఇచ్చే విదేశీ టూరు ఫొటో కూడా దాని పక్కనే ఉంది. రెండిట్లో ఏది గోడ దిగి గల్లా దాకా వస్తుందో అన్నదే నా బెంగ.

నిజానికి నీ దగ్గర ఉన్నంత సమాచారం ఈ జిల్లాల్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఒక రైతు చూసేది తన మూడెకరాలు. నీ బల్ల మీదికి రోజుకు ఎన్ని ఊళ్ల ఆకులు వస్తాయి? జూలైలో ఏ దిక్కు నుంచి ఏ పురుగు నడుస్తుందో అందరికంటే ముందు నీకే తెలుస్తుంది. ఆ తెలివంతా పొద్దుగూకేసరికి ఎక్కడికి పోతోంది? నీ ఖాతా పుస్తకం నేను చూశా. పేరు, ఊరు, డబ్బా, ధర, బాకీ, వడ్డీ. ఆ మందు పనిచేసిందా లేదా అన్న గడి అందులో లేదు. ఒక్క గడి గీయి. బాకీ కట్టడానికి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడుగు, "కొట్టినంక పురుగు తగ్గిందా?" అని. రెండు వానాకాలాలు రాస్తే ఏ కంపెనీ పంపే కరపత్రం కంటే నీ పుస్తకమే పనికొస్తుంది. నువ్వు పెద్ద డాక్టరువని అప్పుడు నేనే ఊరూరా చెప్తా.

ఇంకొకటి, బిల్లు. గడ్డిమందు తట్టుకునే పత్తి అని చీకట్లో చేతులు మారే అనుమతి లేని సంచికి బిల్లు ఉండదు సరే. బాజాప్తా లైసెన్సు ఉన్న డబ్బాకు కూడా చిట్టీ ముక్క ఎందుకు? ఏ పురుగుకని ఇచ్చావో, ఎంత కలపమన్నావో బిల్లు వెనక నీ చేత్తో రాసి సంతకం పెట్టు. నోటిమాటకు రేపు సాక్ష్యం ఉండదు.

అసలు కోరిక చివరికి ఉంచా. మందు ఇచ్చేటప్పుడు ప్రతి రైతుకూ చెప్పు, చేన్లో నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలెయ్యమని. మూడడుగుల ఎడంతో అచ్చు వేస్తే ఎకరానికి సుమారు డెబ్బై సాళ్లు వస్తాయి. నాలుగంటే పదహారో వంతు కంటే కొంచెం తక్కువ. ఎకరానికి 8 క్వింటాళ్లు వచ్చే చేన్లో ఆ నాలుగు సాళ్ల పత్తి మొత్తం అర క్వింటా లోపే, అదీ పూర్తిగా పోయేది కాదు. అక్కడి పురుగు పక్క సాళ్లకు ఎక్కదా అంటావు. గులాబీ పురుగు, మిరప మీది నల్ల తామర పురుగు లాంటివి ఊరిని కమ్మినప్పుడు వదలొద్దు, అది నాకూ తెలుసు. నేను చెప్పేది ఆ రెండు ఎర్రాకుల కవరు గురించి, నువ్వు "బలానికి" అని ఇచ్చే మూడో డబ్బా గురించి. పది రోజులాగి రైతు ఆ నాలుగు సాళ్లనూ, పక్క నాలుగు సాళ్లనూ చూసుకుంటాడు. తేడా కనబడితే రెండో డబ్బా నీ దగ్గరే కొంటాం, నగదుకే కొంటాం. కనబడకపోతే మొదటి డబ్బా పైసలు ఖాతాలోంచి కొట్టెయ్యాలె. ఒప్పందానికి సై అంటే మిరుగం కార్తెకు ముందే ఒక అట్ట మీద రాసి షాపు ముందు కట్టు.

ఇట్లు,
జనగామ దిక్కు చెలక రైతు ఇంట్లో పుట్టిన ఒక తమ్ముడు